నీళ్ళకు కరగని పసుపు

మా వదినె కాలిలో విరిగిన తుమ్మముల్లును ముందుగా చూసింది వదినె కాదు, మా యాడి. మా తండాలో అమ్మను యాడి అంటాం. వదినె వాకిలి ఊడుస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె అడుగు పెట్టిన చోటల్లా ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. యాడి ఆమెను కూర్చోబెట్టి అరికాలు తిప్పి చూస్తే ముల్లు సగం దాకా దిగి ఉంది. సూదితో కెలికి తీస్తుంటే చూస్తున్న నేను పళ్ళు బిగబట్టుకున్నాను. వదినె మాత్రం తీరిగ్గా కూర్చుని, "ఎప్పుడు గుచ్చుకున్నదో ఏమో, నాకు ఎర్కనే లేదు" అంది.

పొలం పని చేసిన కాళ్ళు అట్లాగే మొద్దుబారతాయిలే అని యాడి కొట్టిపారేసింది. నాకు మాత్రం అనుమానం తగిలింది. వదినెను కళ్ళు మూసుకోమని చెప్పి ఆమె కాలి బొటనవేలిని గట్టిగా గిల్లాను. ఏ వేలు పట్టుకున్నానో చెప్పమన్నాను.

"నువ్వింక పట్టుకోలే గదా" అంది వదినె, కళ్ళు తెరవకుండానే.

మా తండా పెద్దవంగర మండలంలో ఉంది. నేను జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని, రసాయనశాస్త్రం చెబుతాను. వదినె మా అన్న భార్య. అన్న భూపాలపల్లిలో ఒక బాయిలర్ ఫిట్టర్ దగ్గర హెల్పర్‌గా పనిచేస్తూ కామెర్లు ముదిరి చనిపోయాడు. ఆ తర్వాత వదినె అక్కడి కిరాయి గది ఖాళీ చేసి తండాకు వచ్చేసింది. తండాకు ఆటోలో అరగంట దూరంలో కొత్తగా ఒక పసుపు యూనిట్ పెట్టారని తెలిసి పనికి కుదిరింది. ఎండలో పత్తి ఏరడం కన్నా నీడపట్టున పని నయం అనుకున్నాం అందరం. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడి భాష. ఆ మాటలను ఇక్కడ మా వైపు తెలుగులోకి మార్చి రాస్తున్నాను.

ఆ యూనిట్లో పసుపు కొమ్ములను పొడి చేసి, ఆ పొడిని ద్రావకంలో నానబెడతారు. పసుపులోని రంగు, నూనె అందులోకి దిగుతాయి. తర్వాత ద్రావకాన్ని ఆవిరి చేసి తీసేస్తే అడుగున చిక్కటి రంగు ముద్ద మిగులుతుంది. మందుల కంపెనీలకూ తినుబండారాల కంపెనీలకూ అదే కావాలి. ఆ ద్రావకం హెక్సేన్, అసిటోన్ కలిపింది. పెట్రోలు బంకు దగ్గర వచ్చే వాసన లాంటి వాసన. పనివాళ్ళు దాన్ని 'మందు' అంటారు. వాడేసిన పాత మందును షెడ్డు వెనక మూత కోసేసిన నీలం డ్రమ్ములో పోసి ఉంచుతారు.

యాడి వదినెను దవాఖానకు తీసుకుపోతే షుగర్ పరీక్ష చేశారు. షుగర్ లేదు. బలహీనత అని ఎర్రటి గోళీలు రాసి పంపారు. రెండోసారి పోతే ఇంకో రంగు గోళీలు ఇచ్చారు. ఏం పని చేస్తావమ్మా అని ఒక్కరు కూడా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు ఎంతసేపు పడుతుంది? షుగర్ ఉందా, బీపీ ఉందా, ఉపవాసాలుంటావా అని అడిగినవాళ్ళకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చేతులు దేంట్లో మునిగి ఉంటాయో తెలుసుకోవాలని తోచలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మా కాలేజీ ల్యాబ్‌లోనూ హెక్సేన్ సీసా ఉంది. దాన్ని ఎక్కువకాలం పీల్చినా, చర్మానికి తగిలినా కాళ్ళూ చేతుల నరాలు దెబ్బతింటాయని పిల్లలకు ఏటా నేనే చదివి వినిపిస్తాను. అసిటోన్ తోడైతే దాని కీడు ఇంకా పెరుగుతుంది. ముందు వేళ్ళ కొసలు మొద్దుబారతాయి, తర్వాత అది పైకి పాకుతుంది. ఇదంతా నోటికి వచ్చిన పాఠం. మా ఇంట్లో కాళ్ళను చూసి ఆ పాఠం గుర్తుకు రావడానికి నాకు ఒక తుమ్మముల్లు కావలసివచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం తండాకు పోయి వదినెను నిలదీశాను. అదే షెడ్డులో ఇంకా పదిమంది దాకా ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. తలనొప్పి, కళ్ళమంట అందరికీ ఉన్నాయి గానీ, కాళ్ళు ఇట్లా మొద్దుబారింది వదినెకు ఒక్కదానికే. ఎందుకని ఒక్కొక్కటే అడుగుతూ పోతే చివరికి చెప్పింది. రోజూ పని దిగాక నీలం డ్రమ్ము దగ్గరికి పోయి, పాత మందులో చేతులు మోచేతుల దాకా, కాళ్ళు పిక్కల దాకా కడుక్కుని ఆటో ఎక్కుతుందట. దాదాపు ఏడాదిగా, ఒక్కరోజు కూడా తప్పకుండా.

"ఎందుకు వదినె?" అన్నాను.

"పసుపు పోతలేదు పిల్లా. సబ్బుతోని రుద్దిన, నిమ్మకాయతోని రుద్దిన, బూడిదతోని రుద్దిన. పాదాల నిండ పసుపు. ఆటోల ఊరోళ్ళు నా కాళ్ళ దిక్కే సూస్తరు. ఒకామె అననే అన్నది, మొగడు పోయినదానికి గింత పసుపెందుకే, సిగ్గనిపిస్తలేదా అని."

నాకు ఒళ్ళు మండిపోయింది. పసుపు షెడ్డులో పసుపు ఎత్తిపోసే మనిషి కాళ్ళకు పసుపు అంటుకుంటే, అది ముత్తైదువ పసుపా కాదా అని లెక్క తీసేవాళ్ళు ఉన్నారన్నమాట. మిగతా ఆడవాళ్ళు పచ్చటి కాళ్ళతోనే ఆటో ఎక్కేవారు. వాళ్ళను కొత్త పెళ్ళికూతుళ్ళు అని ఆటపట్టించేవారు, వాళ్ళూ నవ్వేసేవారు. అదే రంగు, అదే షెడ్డు, అదే ఆటో. వదినె దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది తప్పయింది. మా అమ్మమ్మ కాలంలో తండాలో ఇంత పట్టింపు ఉన్నట్టు నాకు గుర్తులేదు. ఊళ్ళోవాళ్ళ దగ్గర మంచి ఏం నేర్చుకున్నామో గానీ, ఇది మాత్రం బాగానే పట్టుకున్నాం. ఆ మాట గట్టిగానే అన్నాను, యాడికి వినబడేలా.

యాడి బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

"సరే, వాళ్ళ నోళ్ళు అట్లాంటివి. కానీ ఆ డ్రమ్ములో కడుక్కోమని నీకు చెప్పిందెవరు? సూపర్‌వైజరా? ఎవరో చెప్పు వదినె, రేపే పోయి అడుగుత" అన్నాను.

వదినె తలుపు వైపు తిరిగింది. సమాధానం చెప్పింది యాడి.

"నువ్వే చెప్పినవ్" అంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. వదినె పనిలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఫోన్ చేసింది. పసుపు పోవడం లేదు, నువ్వు చదువుకున్నదానివి, ఏమన్నా ఉపాయం చెప్పు అని అడిగింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను. పసుపు రంగు నీళ్ళకు కరగదు వదినె, మీ దగ్గర మందు ఉంది కదా, దాంతో తుడిస్తే చిటికెలో పోతుంది అన్నాను. తెలివైన మాట చెప్పానని లోలోపల కాస్త మురిసిపోయాను కూడా. ఎందుకు కడుక్కోవాలనుకుంటున్నావని అడగలేదు. దవాఖానలో వాళ్ళు ఆ ఒక్క ప్రశ్న అడగలేదని ఇందాక తిట్టాను చూడండి, నేనూ ఒక్క ప్రశ్న అడగలేదు.

మరునాటి నుంచి డ్రమ్ము జోలికి పోవద్దన్నాను. వదినె సరేనంది. పనే మానెయ్యమన్నాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు. "నాటేయనీకె పోతే బురదల కాలు యాడ పడుతున్నదో తెలుస్తలేదు, పడిపోతున్న. షెడ్డుల గూసొని చేసే పని వద్దంటే ఇంకేం పని చేయాలె?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. కాళ్ళను పోగొట్టిన పని తప్ప ఆ కాళ్ళతో చేయగలిగిన పని ఇంకొకటి లేకుండా పోయింది. ఇక మిగిలింది ఒకటే, ఆ షెడ్డులోంచి మందును బయటికి పంపడం.

అట్లా నేను వేడినీళ్ళ వెంట పడ్డాను. మామూలుగా నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతాయి. గట్టి పాత్రలో బిగించి, ఒత్తిడిలో వేడి చేస్తే నూరు దాటినా నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. ఆ వేడిలో వాటి గుణం మారుతుంది. నూనెలనూ రంగులనూ దగ్గరికి రానివ్వని నీళ్ళే కొంతవరకు స్పిరిట్ లాగా ప్రవర్తించి వాటిని కరిగించుకుంటాయి. చల్లారాక మళ్ళీ మామూలు నీళ్ళే. పీల్చినా ఏం కాదు, ఒలికినా ఏం కాదు. మొక్కల్లోంచి సారం తీయడానికి చాలా దేశాల్లో దీన్ని వాడి చూస్తున్నారు. పసుపు నీళ్ళకు కరగదని వదినెకు అంత ధీమాగా చెప్పానే, ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదన్నమాట.

మొదట ఇంట్లో కుక్కర్‌లో చేశాను. దాని వేడి చాల్లేదు. పసుపులోని పిండి ఉడికి జిగురుగంజి తయారైంది. కాలేజీలో సరైన పరికరం లేదు. నగరంలో హరిత రసాయనశాస్త్రం మీద సదస్సు జరుగుతోందని తెలిసి, పెద్ద ల్యాబ్ ఉన్నవాళ్ళు ఎవరన్నా నాలుగు రోజులు పరికరం వాడుకోనిస్తారేమోనని పోయాను. వేదిక వెనక చెట్లూ ఆకులూ వేసిన పెద్ద ఫ్లెక్సీ, వేదిక మీద వరసగా ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు. ప్రశ్నల సమయంలో లేచి నిలబడి, పసుపు కోసం ద్రావకాల బదులు ఒత్తిడి వేడినీళ్ళు వాడే పని మీద సాయం కావాలని అడిగాను. తొందరలో మా మాట దొర్లింది, "గట్ల చేస్తే పనిచేసేవాళ్ళకు ప్రమాదం ఉండదు" అన్నాను.

వేదిక మీది పెద్దమనిషి మైకు దగ్గరికి లాక్కుని, "గట్ల అంటే ఎట్లండీ?" అన్నాడు. హాలంతా నవ్వింది. "వేడినీళ్ళలో పసుపు వేసి మా ఆవిడ జలుబుకు రోజూ ఇస్తుందమ్మా. దానికి ల్యాబ్ దేనికి?" అని ఇంకోసారి నవ్వించాడు. తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు.

విషయం ఆయనకు తెలియదని అనుకోను. ఆ పద్ధతి మీద వచ్చిన వ్యాసాలు నాకన్నా ఎక్కువే చదివి ఉంటాడు. నా నోట్లోంచి, నా మాటలో వచ్చేసరికి అది కషాయం అయిపోయింది. భోజనాల దగ్గర ఒకాయన వచ్చి, మీరు బాగా మాట్లాడారు మేడమ్, కానీ భాష కాస్త చూసుకోండి అని సలహా ఇచ్చాడు. పళ్ళెం అక్కడే పెట్టేసి వచ్చాను.

ఎవరి దగ్గరికి పోవాలో బస్సులో కూర్చున్నాక తట్టింది. మా అన్న పనిచేసింది ఎవరి దగ్గర? బాయిలర్ల దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా గడిపిన మనిషి. ఆ వచ్చిన ఆదివారమే జనగామలో బయలుదేరి, హనుమకొండలో బస్సు మారి, రేగొండ మీదుగా భూపాలపల్లి చేరాను. ఆ ఫిట్టర్‌ను మేం కాక అని పిలుస్తాం, అంటే చిన్నాయన. పని నుంచి దిగిపోయాక ఆయన ఇంటి వెనక రేకుల కింద చిన్న వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. అన్న పోయిన రోజు మా ఇంటికి వచ్చి, ఏం మాట్లాడకుండా నాలుగు గంటలు కూర్చుని పోయిన మనిషి ఆయన.

నేను చెప్పిందంతా విని, నవ్వకుండా, "ఎంత వేడి గావాలె?" అన్నాడు.

"నూటయాభై చాలు కాకా."

"గంతేనా" అన్నాడు. "మేం ఐదు వందల దాంక సూసినం. నీళ్ళను మూసి పెడితే వాటి మాట ఇనాలె బిడ్డా, వాటితోని ఆటలాడొద్దు. జర ఓపిక పట్టు."

మందపాటి స్టీలు పైపు ముక్కకు రెండు వైపులా బిళ్ళలు బిగించి, ప్రెషర్ చూపే మీటరు, ఒత్తిడి మించితే తనంతట తెరుచుకునే వాల్వు పెట్టడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. నేను వెంటనే వేడి చేద్దామంటే ఒప్పుకోలేదు. ముందు చల్లటి నీళ్ళు నింపి పంపుతో ఒత్తిడి పెట్టి, పూట పూటంతా మీటరు ముందు కూర్చున్నాడు. "సల్లనీళ్ళయితే కారినా నీళ్ళే కారుతయ్, పానం పోదు" అన్నాడు. ఒకచోట చెమ్మ కనబడితే విప్పి మళ్ళీ బిగించాడు. నా చదువంతటిలో ఇంత శ్రద్ధగా నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ సదస్సులో నవ్వినవాళ్ళందరినీ తెచ్చి ఆ రేకుల కింద కూర్చోబెట్టాలనిపించింది.

మొదటి రెండుసార్లు పసుపు మాడింది. మూడోసారి వాల్వు తిప్పితే చిక్కటి నారింజరంగు నీళ్ళు వచ్చాయి. గాజు సీసాలో పోసి చల్లారబెడితే రంగు మెల్లగా అడుగున పేరుకుంది. వేడి తగ్గేసరికి నీళ్ళు రంగును పట్టుకోలేక వదిలేస్తాయి. వడగట్టి ఆరబెట్టుకుంటే సరిపోతుంది. మందుతో తీసినంత శుద్ధంగా లేదు, అంత ఎక్కువా లేదు. అది నేను దాచను. కానీ అందులో ఉన్నది పసుపూ నీళ్ళే.

ఆ సీసా పట్టుకుని యూనిట్ యజమాని దగ్గరికి పోయాను. మా వైపు భూములూ పలుకుబడీ ఉన్న కుటుంబం. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, చెల్లె అని పిలిచాడు. సీసాను వెలుతురుకు పట్టి చూసి, "మంచిగుంది చెల్లె" అన్నాడు. తర్వాత వదినె కాళ్ళ సంగతి చెప్పాను. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"రేకుల షెడ్డుల ప్రెషర్ పెట్టమంటవా? పేలితే ఎవరికి మాట?" అన్నాడు.

మేం కూర్చున్న చోటు నుంచి మూత లేని నీలం డ్రమ్ము కనబడుతూనే ఉంది. దానికి పది అడుగుల దూరంలో డీజిల్ జనరేటర్ నడుస్తోంది. ఒక్క నిప్పురవ్వ చాలు, షెడ్డు లేచిపోతుంది. ఆయన భయపడింది మాత్రం నీళ్ళకు. ఆ మాటే అన్నాను. నీళ్ళ సంగతి తర్వాత, ముందు ఆ డ్రమ్ముకు మూత పెట్టించండి, గాలి పోయే ఫ్యాన్లు పెట్టించండి, చేతులకు తొడుగులు ఇవ్వండి అన్నాను. గొంతు పెరిగిన మాట నిజం. ఆయన గొంతు మాత్రం పెరగలేదు.

"డ్రమ్ముల కాళ్ళు కడుక్కోమని మేమేమన్న చెప్పినమా చెల్లె?" అన్నాడు.

సీసా అందుకుని లేచాను. చెప్పింది వాళ్ళు కాదు కదా. బయటికి వచ్చేస్తుంటే వెనక నుంచి సూపర్‌వైజర్‌తో ఆయన అంటున్నది వినబడింది. ఆ ఒంట్లో బాగాలేని ఆమెను రేపటి నుంచి రావద్దని చెప్పమన్నాడు. పనివాళ్ళ ఆరోగ్యం మీద ఆయన తీసుకున్న శ్రద్ధ అంతవరకే. మిగతా పదిమంది అదే డ్రమ్ము పక్కన ఇవాళ్టికీ పనిచేస్తున్నారు. ప్రభుత్వ కార్యాలయాలకు రెండు దరఖాస్తులు పెట్టాను. పరిశీలనలో ఉంది అంటున్నారు.

పని పోయినందుకు వదినె నన్నేమీ అనలేదు. వారం తర్వాత తనే అడిగింది, "ఆ వేడినీళ్ళది నాకొకసారి చూపెడతవా?" అని. ఈ జబ్బు మందుకు దూరమయ్యాక కూడా కొన్నాళ్ళు పెరుగుతుందని, తర్వాత నెమ్మదిగా తగ్గవచ్చని నగరంలో నరాల డాక్టర్ చెప్పాడు. ఎంత తగ్గుతుందో చెప్పలేనన్నాడు. అదంతా చెప్పే భూపాలపల్లి తీసుకుపోయాను. అన్న పోయాక ఆమె ఆ ఊరికి రావడం అదే మొదటిసారి. కాక భార్య ఆమెను లోపలికి తీసుకుపోయి అన్నం పెట్టింది. తర్వాత వెనకకు వచ్చి రేకుల కింద పీట మీద కూర్చుంది.

పైపు వేడెక్కుతున్నంతసేపూ మీటరు ముల్లునే చూస్తూ కూర్చుంది. కాక ఆమెకు ఒక్కొక్కటీ చూపి చెప్పాడు. మంట ఆపి, వేడి దిగి, ఒత్తిడి పూర్తిగా పోయాక వాల్వు తిప్పాడు. కింద పెట్టిన స్టీలు చెంబులోకి రంగునీళ్ళు పొగలు కక్కుతూ దిగాయి.

"ఇందుల ఏం కలిపిండ్రు?" అంది వదినె.

"ఏం కలపలేదు వదినె. పసుపు, నీళ్ళు. అంతే" అన్నాను. ఇన్నాళ్ళుగా గొంతులో ఉన్న మాట అప్పుడు అన్నాను. "ఆరోజు ఫోన్‌లో తప్పు చెప్పిన. తెలిసీ తెలియక చెప్పిన. నీ కాళ్ళు గిట్ల అయింది నా వల్లనే."

"నువ్వు చదువుకున్నదానివని నమ్మిన" అంది వదినె. అందులో నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు గూడ నమ్ముత. ఇంకెవరిని నమ్మాలె?"

నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. కాక పానలు సర్దుతూ అటు తిరిగి ఉన్నాడు. వదినె ముందుకు వంగి, ఆ చెంబును రెండు చేతులా పట్టుకుని ఎత్తి ఒడిలోకి తెచ్చుకుంది. రంగు ఎంత చిక్కగా ఉందో చూడడానికి ముఖం దగ్గరికి వంచింది. గుడ్డ లేకుండా, ఉత్త చేతులతో. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

కాక ఇటు తిరిగి చూసి ఒక్క అంగలో వచ్చాడు. అంతకన్నా ముందే నేను చెంబు లాగేశాను. నా వేళ్ళు చురుక్కుమని చెంబు చేతిలోంచి జారింది. అన్ని నెలలు కష్టపడి తీసిన రంగునీళ్ళు మట్టిలోకి ఇంకిపోయాయి. వదినె అరచేతులు తిప్పి చూశాను. పసుపు కింద చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

ఆమె తన చేతుల్ని చూసుకుంది, తర్వాత నన్ను చూసింది.

"ఇంక సల్లారలేదా పిల్లా?" అంది. "చెప్పొద్దా మరి."